ఇంట్లో చేయించిన టేకు స్టాక్ బిగించాక ఎయిర్ రైఫిల్ గ్రూప్ చెదిరిపోతోంది

గుంటూరు_నాన్న
మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ వేస్తుంది. వయసు 13. రైఫిల్ కొత్తది కాదు, ఒక సీనియర్ షూటర్ దగ్గర కొన్న పాత పీసీపీ (సిలిండర్‌లో ముందే గాలి నింపి కొట్టే) మ్యాచ్ రైఫిల్. దాని స్టాక్, అంటే భుజానికి ఆనించి పట్టుకునే భాగం, పెద్దవాళ్ల కొలతలది. భుజానికి ఆనే బట్‌ప్లేట్ పూర్తిగా లోపలికి నెట్టినా పిల్ల మెడ చాచాల్సి వస్తోంది. గ్రిప్ పట్టుకుంటే వేలు ట్రిగర్‌కి అందీ అందనట్టు ఉంటుంది. కొత్త అల్యూమినియం స్టాక్ ధర మా వల్ల అయ్యేది కాదు. అందుకని మా వీధిలో తలుపులు చేసే మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని టేకుతో స్టాక్ చేయించాను. పిల్లకి చక్కగా కుదిరింది. భుజం దింపుకుని హాయిగా నిలబడుతోంది.

ఇప్పుడు సమస్య. పాత స్టాక్‌లో బల్ల మీద ఇసుక సంచికి ఆనించి కొడితే ఐదు పెల్లెట్లూ ఒకే చిరుగులో పడేవి. కొత్త స్టాక్‌లో మొదట నాలుగు బాగానే పడి, తర్వాత ఒకటి తొమ్మిది పాయింట్ల రింగులోకో ఎనిమిదిలోకో పోతుంది. పోయినప్పుడల్లా కుడి పైమూలకే. ప్రతిసారీ కాదు. అదే డబ్బా పెల్లెట్లు. గాలి సరిపడా ఉంది. బోల్టులు గట్టిగానే బిగించాను. ఎక్కడ చూడాలి?

పెల్లెట్_పిచ్చి
పెల్లెట్ తల సైజు ఎంత? 4.49 మిల్లీమీటర్లా, 4.50 నా? ఒక్కో బ్యారెల్‌కి ఒక్కోటి పడుతుంది. నాకైతే పెల్లెట్ల మీదే అనుమానం.

లింగంపల్లి_లేన్7
పెల్లెట్ గాదన్నా. గదే డబ్బతోని పాత స్టాక్‌ల మంచిగ పడ్డయని ఆయనే రాసిండు గద. గుంటూరు సార్, ఒక్క పని చెయ్యుండ్రి. పాత స్టాక్ మళ్ల బిగించి, అదే డబ్బ, అదే బల్ల, అదే రోజు కొట్టి చూడుండ్రి. అది అయ్యేదాంక ఇంకేం ముట్టుకోకుండ్రి. నాలుగు ఒక్కసారే మారిస్తె ఏది సతాయిస్తుందో జన్మల దొరకది.

పెల్లెట్_పిచ్చి
సరే, ఒప్పుకుంటాను. కానీ పాత స్టాక్‌తో కొట్టింది ఏ నెలలో? డబ్బా మూత తీసి వానాకాలం అంతా పెడితే సీసం మీద తెల్లటి పూత వస్తుంది. అదీ చూడండి.

ఓ_రింగ్
లేన్7 చెప్పింది మొదట చేయండి. ఆ తర్వాత బ్యారెల్ కింద కాగితం పరీక్ష. పది రూపాయల నోటు మడవకుండా బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య దూర్చి, మూతి దగ్గర్నుంచి వెనక్కి లాగండి. ఎక్కడ పట్టేస్తే అక్కడ చెక్క తగులుతున్నట్టు. అలాగే సిలిండర్ చుట్టూ కూడా. బ్యారెల్, సిలిండర్ రెండూ గాలిలో ఉండాలి. చెక్కని పట్టుకోవలసింది యాక్షన్ (ట్రిగర్, బ్యారెల్ బిగించి ఉండే లోహపు భాగం) ఒక్కటే.

సందేహాల_శీను
తెలియక అడుగుతున్నా. రెండు సైట్లూ రైఫిల్ ఇనుము మీదే ఉన్నాయి కదా, స్టాక్ మీద కాదు. మరి చెక్క ఎలా ఉంటే ఏం? సైటు చూసిన చోటికే పెల్లెట్ పోవాలి కదా?

పదిమీటర్లు
శీనూ, మంచి ప్రశ్న. నేను కోచింగ్ ఇస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పది అంటే కార్డు మీద అర మిల్లీమీటరు చుక్క. ఒక రింగుకీ తర్వాతి రింగుకీ మధ్య 2.5 మిల్లీమీటర్లు. ముందు సైటుకీ వెనక డయాప్టర్‌కీ (సన్న కంతలోంచి చూసే సైటు) మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకో. ఆ పొడవులో ఎక్కడైనా 0.2 మిల్లీమీటర్లు వంపు వస్తే 10 మీటర్ల దగ్గర ఒక పాయింటు గోవిందా. 0.2 అంటే రెండు కాగితాల మందం. ఒక పక్క చెక్క నొక్కుతుంటే బ్యారెల్ అంతమాత్రం వంగడం పెద్ద విషయం కాదు.

ఇంకోటి, ట్రిగర్ తెగాక పెల్లెట్ బ్యారెల్ దాటడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లోపల బ్యారెల్ సన్నగా కంపిస్తుంది. ఏమీ తగలకుండా ఉంటే ప్రతిసారీ ఒకేలా కంపిస్తుంది. చెక్క ఒకసారి తగిలి ఒకసారి తగలకపోతే రెండు రకాలుగా కంపిస్తుంది, రెండు చోట్ల పడుతుంది. గుంటూరు నాన్నగారు చెప్పిన "ప్రతిసారీ కాదు, కానీ ఎప్పుడూ అదే మూలకి" అన్న లక్షణం దీనికి సరిపోతుంది. పెల్లెట్ తేడా అయితే నాలుగు దిక్కులా పోయేది.

గుంటూరు_నాన్న
పాత స్టాక్ బిగించి కొట్టాను. ఒకే చిరుగు. కొత్తది మళ్లీ బిగిస్తే మళ్లీ కుడి పైకి. పెల్లెట్ల మీద తెల్ల పూత ఏమీ లేదు. నోటు పరీక్షలో బ్యారెల్ కింద ఎక్కడా పట్టలేదు. సిలిండర్ ఎడమ పక్క మాత్రం బిగుతుగా పోతోంది, పట్టేసింది అనలేను.

చిత్రిక_వేణు
నేను చెక్కపనివాణ్ణి, తుపాకీ సంగతులు తెలియవు. రెండు విషయాలు చెప్పండి. ఆ టేకు సామిల్లులో కొత్తగా కోయించిందా, పాత ఇంటి దూలమా? లోపలి గాడికి పాలిష్ పట్టించారా?

గుంటూరు_నాన్న
సామిల్లు నుంచే వేణుగారూ. బయట మూడు పూతలు మెలమైన్ పాలిష్ వేయించాను, అద్దంలా ఉంది. లోపల వేయలేదు, కనపడదు కదా అని మేస్త్రి వదిలేశాడు.

చిత్రిక_వేణు
చెక్క తేమ పీల్చేది వదిలేసిన చోటే. బయట మూసేశారు, లోపల తెరిచి ఉంది. ఈ వానలకి లోపలి గోడలు ఉబ్బుతాయి. తలుపులు వానాకాలం పట్టేసి ఎండాకాలం వదులయ్యేది ఇందుకే. టేకు మిగతా చెక్కల కన్నా తక్కువ కదులుతుంది, కానీ అసలు కదలదని కాదు. అందులోనూ కొత్తగా కోసిన దుంగ. చేవ ముక్కా, అంచు తెల్ల చెక్కా అన్నది కూడా చూడాలి. ఇలాంటి పనికి పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే ద్వారబంధాల చెక్క తీసుకోవాలి. యాభై ఏళ్లు ఎండిన చెక్క కొత్తగా కోసినదాంట్లా వంకరపోదు.

ఓ_రింగ్
వేణుగారి మాటకి నాది కలుపుతాను. తగిలే చోటు కచ్చితంగా తెలియాలంటే కాటుక పరీక్ష. సిలిండర్‌కీ, యాక్షన్ అడుగుకీ పల్చగా కాటుక రాసి, మెల్లిగా స్టాక్‌లో దించి, బోల్టులు బిగించి, మళ్లీ తీయండి. చెక్క మీద నల్ల మచ్చ ఎక్కడ పడిందో అక్కడ తగులుతోంది. యాక్షన్ కూర్చునే చోట మచ్చ నిండుగా, సమంగా పడాలి. సిలిండర్ గాడిలో ఒక్క మచ్చ కూడా ఉండకూడదు. చేసేముందు సైట్లు తీసి పక్కన పెట్టండి, కాటుక డయాప్టర్ కంతలోకి పోతే ఇంకో తలనొప్పి.

కర్నూలు_కుర్రోడు
కాటుక మా అమ్మ డబ్బీలోంచి తీసినా. ఇప్పుడు ఆ డబ్బీ యాడుందో చెప్పమంటాంది. ఏం చెప్పాలప్పా?

పెల్లెట్_పిచ్చి
తుపాకీకి దిష్టి తీశానని చెప్పు.

లింగంపల్లి_లేన్7
బోల్టులు "గట్టిగ" బిగించిన అన్నరు గద సార్, గది గూడ చూడుండ్రి. ఎంత గట్టిగ? చెక్క మెత్తగుంటది, బోల్టు లాగినకొద్ది లోపలికి నలుగుతది. ఇయ్యాల గట్టిగున్నది ఎల్లుండికి వదులైతది. మళ్ల బిగిస్తరు, మళ్ల నలుగుతది.

ఓ_రింగ్
దీనికి మందు ఉంది. బోల్టు పోయే కంతలో అల్యూమినియం గొట్టం ముక్క దించి అరాల్డైట్‌తో అతికించాలి. గొట్టం పొడవు చెక్క మందానికి సరిగ్గా సమానం. అప్పుడు బోల్టు ఒత్తిడి చెక్క మీద పడదు, లోహం మీద పడుతుంది. ఏ లేత్ షాపులో అయినా కోసిస్తారు. బిగించడానికి టార్క్ రెంచ్ వాడి, రైఫిల్ కాగితాల్లో రాసిన అంకెకి ఆపండి. రెంచ్ లేకపోతే చిన్న అలెన్ కీ పొట్టి కొస పట్టుకుని వేళ్లతో తిప్పండి, పొడుగు కొస పట్టుకుని లాగకండి.

పదిమీటర్లు
టార్క్ గురించి ఒప్పుకుంటాను కానీ దాన్ని పెద్ద మంత్రం చేయొద్దు. రెండు బోల్టులూ ప్రతిసారీ ఒకేలా బిగిస్తే సగం పని అయినట్టే.

వేరే విషయం. ఆ స్టాక్ ఫోటో పెట్టగలరా? ఇంట్లో చేసే స్టాకులకి చాలామంది బొటనవేలు దూరే కంత పెడతారు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూల్స్‌లో అది కుదరదు. బొటనవేలి కంత, బొటనవేలు ఆనించే మెట్టు, అరచేతి ఆసరా, స్పిరిట్ లెవెల్, ఇవన్నీ నిషేధం. గ్రిప్ మీద, చీక్‌పీస్ (చెంప ఆనే ముక్క) మీద, స్టాక్ అడుగున జారకుండా పట్టే రబ్బరు, గరుకు టేపు కూడా అంటించకూడదు. మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు. యాక్షన్ వెనక నుంచి బ్యారెల్ ట్యూబ్ కొస వరకు పొడవు 850 మిల్లీమీటర్లు దాటకూడదు. రేపు మ్యాచ్ రోజు ఎక్విప్‌మెంట్ కంట్రోల్ దగ్గర పిల్లని ఆపేస్తే ఏడుస్తుంది.

గుంటూరు_నాన్న
ఫోటో పెట్టాను. కంత లేదండీ, రూలు పుస్తకం చదివే గీయించాను. బరువు 4 కిలోల లోపే. గ్రిప్ మీద మేస్త్రి గీతలు చెక్కుతానంటే వద్దన్నాను.

పదిమీటర్లు
చూశాను, బాగుంది. చీక్‌పీస్ మాత్రం స్టాక్‌లో కలిపేసి ఒకే ముక్కగా చెక్కారు. ఈ వయసులో పిల్లలు ఆరు నెలలకే ఎదుగుతారు. దాన్ని కోసి విడి ముక్క చేసి, రెండు స్టడ్‌ల మీద పైకీ కిందకీ జరిగేలా పెట్టించండి. బట్‌ప్లేట్ కూడా అంతే. లేకపోతే వచ్చే ఏడాది ఇంకో టేకు దుంగ కొనాలి.

మెకానిక్_మస్తాన్
స్టాక్ ఇంత బాగా చేశారు కదా. మా లేత్ మీద బ్యారెల్ కూడా తీయొచ్చా? .22 గుండు వేసేలా. పంది కోసం.

లాయరమ్మ
వద్దు. ఆలోచన కూడా వద్దు. ఆయుధాల చట్టం 1959 సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గానీ దాని భాగాలు గానీ తయారుచేయడం నేరం. 2019 సవరణ తర్వాత సెక్షన్ 25(1) కింద కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. పంది కోసమా పక్షి కోసమా అని కోర్టు అడగదు. పైగా అడవి పందిని కొడితే వన్యప్రాణి కేసు వేరే.

గుంటూరు వారిది వేరే సంగతి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 0.177 అంగుళాల బోరు, 20 జూళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. దానికి చెక్క మార్చుకోవడం తప్పు కాదు. ఆ రెండు హద్దుల్లో ఏది దాటినా లైసెన్సు కావాలి.

మాజీ_హవల్దార్
ఏజెన్సీలో పనిచేశాను. నాటు తుపాకులు పేలిన చేతులు చూశాను. ముందుకి పోవాల్సిన మందు వెనక్కి తన్నుతుంది. ఒకతనికి కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలూ లేవు, ఎడమ కన్ను లేదు. అన్నం కలుపుకోవడానికి పక్కన మనిషి కావాలి. మస్తాన్ తమ్ముడూ, లేత్ ఉన్న చేతులు నీవి. వాటిని కాపాడుకో.

డాలస్_సుబ్బు
ఇక్కడ అమెరికాలో సొంత వాడకానికి ఇంట్లో తుపాకీ చేసుకోవడాన్ని ఫెడరల్ చట్టం చాలామందికి అనుమతిస్తుంది. కొన్ని రాష్ట్రాల్లో సీరియల్ నంబరు లాంటి షరతులున్నాయి. ఆ వీడియోలు చూసి మన దగ్గర కుర్రాళ్లు మోసపోతున్నారు. దయచేసి ఆ దేశం రూలు ఈ దేశంలో పాటించకండి.

నిర్వాహకుడు_2
మస్తాన్ గారి తర్వాతి రెండు పోస్టులు తీసేశాను. బ్యారెల్, గుండు, మందు తయారీ ఇక్కడ చర్చించం. స్టాక్, గ్రిప్, సైటు, నిర్వహణ వరకే.

కర్నూలు_కుర్రోడు
నాదొక డౌటు. గాలి పవర్ పెంచితే గ్రూప్ బాగవుతాదా? స్ప్రింగు మార్చితే చాలంటాండారు.

పదిమీటర్లు
అవ్వదు. ఒలింపిక్స్‌లో వాడే మ్యాచ్ రైఫిళ్లు సుమారు 7.5 జూళ్లే. అర గ్రాము పైచిలుకు పెల్లెట్, సెకనుకి 170 మీటర్ల చిల్లర వేగం. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం కొట్టింది, 2012లో లండన్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఇలాంటి రైఫిళ్లతోనే. కాగితానికి కంత పడటానికి బలం అక్కర్లేదు, ప్రతిసారీ అదే బలం కావాలి.

సిలిండర్_సీత
అదే బలం అన్నారు కాబట్టి అడుగుతున్నా. నా రైఫిల్ కాసేపు పక్కన పెట్టి తీస్తే మొదటి షాట్ ఎప్పుడూ పైకి పోతుంది. రెండోది నుంచి సరే. స్టాక్ మార్చలేదు.

ఓ_రింగ్
మీది రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ ఒకే ఒత్తిడితో గాలి ఇచ్చే భాగం) సమస్య, సీతగారూ. లోపలి సీటు అరిగితే కూర్చున్నంతసేపూ గాలి సన్నగా జారి ముందు గదిలో ఒత్తిడి పెరుగుతుంది. మొదటి షాట్‌కి ఆ ఎక్కువ గాలి పోతుంది. ఖాళీ షాట్ రెండు కొట్టి మొదలుపెట్టడం తాత్కాలికం. సర్వీసు మనిషికి ఇవ్వండి, ఇంట్లో విప్పొద్దు. 200 బార్ అంటే కారు టైరులో ఉండే గాలికి దాదాపు వంద రెట్లు.

చిత్తూరు_షూటర్
రైఫిల్ సిలిండర్‌లో గాలి నింపడానికి మా ఊళ్లో స్కూబా ట్యాంకు దొరకదు. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ నింపిస్తానని ఒకాయన అన్నాడు. సగం ధరకే.

ఓ_రింగ్
నింపించకండి!! ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి లోపల చుక్క గ్రీజు తగిలినా అంటుకుంటుంది, సిలిండర్ బాంబు అవుతుంది. ఎండిన మామూలు గాలి మాత్రమే. చేతి పంపు కొనుక్కోండి, చెమట పట్టినా పర్వాలేదు. సిలిండర్ మీద చెక్కిన తేదీ కూడా చూడండి. తయారీదారులు మామూలుగా 10 ఏళ్లే ఇస్తారు. సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్లందరికీ ఇదే మాట, గుంటూరు వారితో సహా.

గుంటూరు_నాన్న
తేదీ చూశాను, ఇంకా రెండేళ్లు ఉంది.

కాటుక పరీక్ష చేశాం. మచ్చ పడింది! సిలిండర్ గాడి ఎడమ గోడ మీద, మధ్యలో, చిటికెన వేలి గోరంత. యాక్షన్ కూర్చునే చోట వెనక బోల్టు దగ్గర నిండుగా ఉంది, ముందు బోల్టు దగ్గర ఒక అంచుకే ఉంది. అంటే ముందు బోల్టు బిగించినప్పుడల్లా మొత్తం ఒక పక్కకి మెలిపడుతోంది.

చిత్రిక_వేణు
ఉలి పెట్టకండి, ఎక్కువ లేస్తుంది. గుండ్రటి కర్రకి ఎమెరీ కాగితం చుట్టి నార వెంబడి మాత్రమే తోయండి. మచ్చ ఉన్నంత మేరే కాకుండా గాడి మొత్తం ఒకటే వెడల్పుకి తీసుకురండి. తర్వాత ఒక ఎండ రోజు చూసి లోపల కూడా పాలిష్, ముఖ్యంగా చెక్క రెండు కొసల్లో. నీళ్లు ఎక్కువ తాగేది కొసలే.

లింగంపల్లి_లేన్7
ముందు బోల్టు కాడ అల్యూమినియం గొట్టం ఏసేటప్పుడే సమం చేసుకోండ్రి సార్. అరాల్డైట్ పోసి, యాక్షన్ అడుగుకు మైనం రాసి కూసోబెడితే అచ్చు దిగుతది. మైనం మరిచిపోతే మాత్రం తుపాకి, కట్టె ఒక్కటైతయ్.

పదిమీటర్లు
ఇదంతా మ్యాచ్ ముందు రోజు పెట్టుకోకండి. పనిముట్టు ఎవరినైనా ఎప్పుడైనా దెబ్బకొడుతుంది. 2021లో టోక్యోలో మను భాకర్‌కి క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించి దాదాపు 20 నిమిషాలు పోయాయి, 12వ స్థానంలో ఆగిపోయింది. ఆమె దగ్గర అంతా అత్యుత్తమ సామానే. పిల్ల బ్యాగులో అలెన్ కీలు, విడి ఓ రింగులు, ఒక విడి సిలిండర్ ఎప్పుడూ ఉండాలి. వాటిని ఎలా వాడాలో మీకు కాదు, తనకి తెలియాలి.

గుంటూరు_నాన్న
గొట్టాలు వేశాం, గాడి వెడల్పు చేశాం, లోపల పాలిష్ వేసి రెండు రోజులు ఎండబెట్టాం. బోల్టులు మా అమ్మాయే బిగించింది. బల్ల మీద మళ్లీ ఒకే చిరుగు. నిన్న రాత్రంతా వాన, పొద్దున మళ్లీ కొట్టాం, కదల్లేదు. నోటు సిలిండర్ చుట్టూ ఆడుతోంది.

నిలబడి వేస్తే మాత్రం ఇంకా అప్పుడప్పుడూ ఒకటి ఎడమకి పోతోంది.

పదిమీటర్లు
అది స్టాక్ కాదు. బల్ల మీద రైఫిల్ పాసయ్యింది కాబట్టి ఇక రైఫిల్‌ని వదిలేయండి. ఎడమకి పోయిన షాట్లకి తల చీక్‌పీస్ మీద ఎంత బరువు వేసిందో గమనించమనండి. ఆ చీక్‌పీస్ కోయించారా?

గుంటూరు_నాన్న
మేస్త్రి ఆదివారం వస్తానన్నాడు. స్టడ్ల మధ్య దూరం ఎంత పెట్టమంటారు?

చిత్రిక_వేణు
కోసే ముందు ఆ ముక్క నార ఎటు పోతోందో ఫోటో పెట్టండి. అడ్డనార మీద కంతలు వేస్తే చీలిపోతుంది. చూసి చెబుతా.